లైవ్స్ సేవ్డ్ టూల్: జిల్లా లెక్కలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఒక జిల్లాలో తల్లీపిల్లల ఆరోగ్యం కోసం వచ్చే ఐదేళ్లకు కొంత డబ్బు అదనంగా దొరికిందనుకుందాం. విరేచనాలు పట్టుకున్న ప్రతి బిడ్డకూ ఓఆర్ఎస్, జింక్ అందేలా చూడాలా? నెలలు నిండక పుట్టిన పిల్లల కోసం కంగారూ కేర్ (బిడ్డను తల్లి గుండెలకు ఒంటికి ఒళ్లు తగిలేలా హత్తుకుని ఉంచే పద్ధతి) వార్డులు పెట్టాలా? న్యుమోనియా మందులు ఊళ్లోనే దొరికేలా చేయాలా? దీనికి జవాబు చెప్పాలంటే రెండు సంగతులు తెలియాలి. ఆ సేవ ఇప్పుడు మన దగ్గర ఎంతమందికి అందుతోంది? అందితే మరణాలు ఎంత తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి? మొదటిది సర్వేల్లోనూ ఆస్పత్రుల నెలవారీ రిపోర్టుల్లోనూ ఉంటుంది, రెండోది వైద్య పత్రికల్లో ఉంటుంది. ఈ రెంటినీ ఒకే లెక్కలోకి తెచ్చే సాఫ్ట్‌వేర్ లైవ్స్ సేవ్డ్ టూల్. వాడేవాళ్లు క్లుప్తంగా లిస్ట్ అంటారు.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు బ్లూమ్‌బర్గ్ ప్రజారోగ్య కళాశాల దీన్ని తీర్చిదిద్దింది. పిల్లల మరణాల మీద 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసాల వరసలో వాడిన లెక్కే దీనికి పునాది. అవెనీర్ హెల్త్ అనే సంస్థ ఇచ్చే స్పెక్ట్రమ్ సాఫ్ట్‌వేర్‌లో ఇదొక భాగం. పైసా కట్టక్కర్లేదు. స్పెక్ట్రమ్‌ను విండోస్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి, బ్రౌజర్‌లో నడిచే రూపం విడిగా ఉంది. తెలుగులో లేదు.

మా మాట ముందే చెబుతాం. ఉన్న డబ్బుతో ఏది ముందు చేయాలి అని తేల్చుకోవడానికి ఉచితంగా దొరికేవాటిలో ఇంత పద్ధతైన సాధనం అరుదు. ‘మా పథకంతో ఇన్ని ప్రాణాలు నిలుస్తాయి’ అని పత్రికా ప్రకటనలో వేయడానికి మాత్రం ఇందులో వచ్చే అంకెను వాడకూడదు. ఎందుకో చెప్పాలంటే లోపల లెక్క ఎలా నడుస్తుందో చూడాలి.

లోపలి లెక్క

లిస్ట్ మరణాలను వయసు ప్రకారం, కారణం ప్రకారం విడదీస్తుంది. పుట్టిన 28 రోజుల లోపు ఒక గుంపు, 1 నుంచి 59 నెలల మధ్య ఇంకో గుంపు, ప్రసూతి మరణాలు, మృత శిశు జననాలు వేరువేరు. ఒక్కో సేవ ఏ కారణంతో జరిగే మరణాన్ని తగ్గిస్తుందో దానికి ముందే తెలుసు. కవరేజీ, అంటే సేవ అవసరమైనవాళ్లలో అది అందినవాళ్ల శాతం, పెరిగితే ఆ కారణానికి చెందిన మరణాల్లో ఎంత భాగం తగ్గుతుందో ఇలా కడుతుంది: సేవ ప్రభావాన్ని కవరేజీ పెరుగుదలతో గుణించి, ఆ వచ్చినదాన్ని ‘1 లోంచి ప్రభావం, పాత కవరేజీల లబ్ధం తీసేస్తే మిగిలేది’తో భాగించాలి. ఆ కారణంతో జరిగే మరణాల్లో ఎంత భాగం మీద ఆ సేవ పనిచేయగలదో ఆ భాగంతో కూడా చివర్లో గుణిస్తుంది. విరేచనాల మందుల విషయంలో ఆ భాగాన్ని 1 అనుకుందాం.

అంకెలతో చూద్దాం. 2010లో వచ్చిన సమీక్ష ప్రకారం, సరిగ్గా వాడితే ఓఆర్ఎస్ విరేచనాల మరణాలను 93 శాతం ఆపగలదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశం మొత్తం మీద విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60.6 శాతానికి. 60 అనుకుని దాన్ని 90కి పెంచితే, 0.93ను 0.30తో గుణించగా 0.279. 1 లోంచి 0.558 పోతే 0.442. భాగిస్తే 0.631. అంటే 1000 విరేచనాల మరణాల్లో 631 ఆగుతాయి, 369 మిగులుతాయి. ఇప్పుడు జింక్. దాని ప్రభావం 23 శాతం. కవరేజీని 30 నుంచి 70కి పెంచితే తగ్గుదల 9.9 శాతం. ఈ 9.9 శాతాన్ని లిస్ట్ 1000 మీద వేయదు, మిగిలిన 369 మీదే వేస్తుంది. కాబట్టి జింక్ వాటా 36, రెండూ కలిపి 667. విడివిడిగా కట్టి కూడితే 730 వచ్చేది. ఒకే బిడ్డను రెండు పథకాలూ మేమే బతికించామని చెప్పుకోకుండా ఈ పద్ధతి అడ్డుకుంటుంది. ఎక్సెల్‌లో సొంతంగా లెక్క వేసుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఈ ఒక్క కారణానికైనా లిస్ట్ నేర్చుకోవచ్చు.

ఇంకో మంచి గుణం: అవే అంకెలు ఇస్తే ఎప్పుడైనా అదే ఫలితం వస్తుంది. కాబట్టి ఇంకొకరు మీ ఫైలు తెరిచి, ప్రతి గడినీ తనిఖీ చేయవచ్చు.

మొదలుపెట్టడం

కొత్త ప్రొజెక్షన్ (రాబోయే ఏళ్ల అంచనా ఫైలు) తెరిచి దేశం, మొదటి సంవత్సరం, చివరి సంవత్సరం ఎంచుకోవాలి. జనాభా భాగం తప్పనిసరి. కుటుంబ నియంత్రణ భాగం కూడా తెరిచి పెట్టుకోవడం మంచిది. దేశం పేరు ఎంచుకోగానే గడులన్నీ జాతీయ అంకెలతో నిండిపోతాయి. ఇది సౌకర్యం, ఇదే ప్రమాదం కూడా. ఒక జిల్లా ఫైలులో ఏ గడి మార్చారో, ఏది జాతీయ అంకెగానే మిగిలిపోయిందో పైకి చూస్తే తెలియదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక కాగితం మీద నాలుగు వరుసలు గీసుకోండి: సూచిక, మన అంకె, అది ఎక్కడిది, ఏ సంవత్సరానిది. ఆ కాగితం నిండాకే ఎంట్రీ మొదలుపెట్టండి. అంకెలు నింపే ప్రతి ఎడిటర్‌లోనూ మూలం రాసుకోవడానికి చోటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసిన ఫైలును ఏడాది తర్వాత చేసినవాళ్లు కూడా అర్థం చేసుకోలేరు.

కవరేజీ పేజీలో సేవలు గుంపులుగా ఉంటాయి: గర్భానికి ముందు, గర్భిణిగా ఉన్నప్పుడు, ప్రసవం, తల్లిపాలు, నివారణ, టీకాలు, చికిత్స. మొదటి, చివరి సంవత్సరాల అంకెలు ఇచ్చి మధ్యవి ఇంటర్‌పొలేట్ బటన్‌తో నింపవచ్చు. కాకపోతే అది సరళరేఖలో నింపుతుంది. నియామకాలు, శిక్షణ, కొనుగోళ్లు మొదటి ఏడాదిలోనే తెమిలే పథకాలు మన దగ్గర తక్కువ. మొదటి ఏడాది పాత కవరేజీనే ఉంచి, రెండో ఏడాది నుంచి పెంచండి.

మొదటి సంవత్సరం ఎంపికలో ఒక పెద్ద గుంట ఉంది. కవరేజీ ఆ ఏడాది ఎంత ఉందో అంతే ఉండిపోతే ఏమయ్యేది అన్నదానితో లిస్ట్ పోలుస్తుంది. న్యుమోకోకల్ టీకా మన జాతీయ కార్యక్రమంలో దేశమంతా విస్తరించింది 2021లో. సర్వే అంకెలు 2019వి కదా అని 2019నే మొదటి సంవత్సరంగా పెడితే, ఆ టీకా ఆపిన న్యుమోనియా మరణాలన్నీ మీ కొత్త పథకం ఖాతాలో పడిపోతాయి. సరైన దారి రెండు ప్రొజెక్షన్లు చేయడం. ఒకదానిలో పథకం లేకపోయినా జరగబోయే మార్పులు, రెండోదానిలో వాటితోపాటు పథకం. రెండింటి తేడాయే పథకం ఫలితం. పని రెట్టింపవుతుంది, అయినా వేరే మార్గం లేదు.

కుటుంబ నియంత్రణ అంకెలు మార్చినా ఇలాంటిదే జరుగుతుంది. కాన్పులు తగ్గితే మరణాలూ తగ్గుతాయి. ఆ తగ్గుదలను చికిత్సల వల్ల వచ్చినదానితో కలపకుండా విడిగా చూపాలి.

మన దగ్గరి అంకెలు ఎక్కడ మోసం చేస్తాయి

సర్వే జిల్లా పత్రాలు మొదటి ఆధారం. అందులో ఒక అంకె చుట్టూ బ్రాకెట్ ఉంటే అది 25 నుంచి 49 మంది మీదే ఆధారపడిందని అర్థం. చుక్క గుర్తు (*) ఉంటే 25 మంది కంటే తక్కువ కాబట్టి అంకె ఇవ్వలేదన్నమాట. సర్వేకు ముందు రెండు వారాల్లో విరేచనాలైన పిల్లలు దేశంలో 7.3 శాతమే. అందువల్ల జిల్లా స్థాయిలో ఓఆర్ఎస్, జింక్ గడులు తరచూ బ్రాకెట్లోనో చుక్కగానో ఉంటాయి. బ్రాకెట్ అంకెను నేరుగా ఎక్కించకండి. రాష్ట్రం అంకె వాడి, పది శాతం కింద, పది శాతం పైన పెట్టి మళ్లీ నడిపి చూడండి.

జిల్లాల సరిహద్దుల సమస్య కూడా ఉంది. సర్వే జరిగేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు, 2022 ఏప్రిల్‌లో అవి 26 అయ్యాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఆ సర్వేలో సొంత పత్రం లేదు. పాత విశాఖ జిల్లా సగటును పాడేరు ఏజెన్సీకి అంటగడితే నగరం అంకెలు కొండ మీదికి ఎక్కినట్టే. మలేరియా విషయంలో ఇది మరీ ముఖ్యం. ఏజెన్సీలో దోమతెరల వల్ల వచ్చే లాభాన్ని మైదానం సగటు మింగేస్తుంది. తెలంగాణలో ములుగు, నారాయణపేటలదీ ఇదే పరిస్థితి.

ఆస్పత్రుల నెలవారీ రిపోర్టులు తాజాగా ఉంటాయి, వాటి జబ్బు వేరు. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. పేరు నమోదు, మొదటి పరీక్షలు అత్తగారి ఊరి పీహెచ్‌సీలో జరుగుతాయి, పురుడు వేరే జిల్లాలో వస్తుంది, బిడ్డకు టీకాలు సగం అక్కడ, సగం ఇక్కడ పడతాయి. ఆస్పత్రి లెక్క ప్రసవం ఎక్కడ జరిగిందో అక్కడే పడుతుంది, తల్లి సొంత ఊరి ఖాతాలో పడదు. పెద్దాస్పత్రులున్న జిల్లాలో ప్రసవాల కవరేజీ 100 దాటడానికి, పక్క జిల్లాలో 70 దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం భాగహారం కింద వేసే అంచనా గర్భిణుల సంఖ్య. అది పాత జననాల రేటు మీద నిలబడి ఉంటే కింద సంఖ్య పెరిగి కవరేజీ తక్కువగా కనిపిస్తుంది. 100 దాటిన అంకెను 100కు కత్తిరించి ఎక్కించడం చాలామంది చేసే పని. అది తప్పును దాచేస్తుంది. పక్కపక్క జిల్లాలను కలిపి ఒకే ప్రాంతంగా నడపడం మేలు.

ఆస్పత్రి ప్రసవాల గడి దగ్గర తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. ఇక పెంచడానికి ఏముంది? ఆ గడిని 97 నుంచి 99కి మారిస్తే ఫలితం దాదాపు సున్నా. మిగిలిన లాభమంతా నాణ్యతలో ఉంది: పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) వేయగల మనిషి రాత్రి రెండింటికి లేబర్ రూంలో ఉన్నారా, రక్తస్రావానికి ఆక్సిటోసిన్ చల్లగా నిల్వ ఉందా. ఇలాంటివి సర్వేలో దొరకవు. అలాంటి చోట లిస్ట్ ఆస్పత్రి ప్రసవాల శాతం నుంచే వాటిని అంచనా కట్టి నింపుతుంది. ఆ అంచనాను తీసేసి, జిల్లాలో లేబర్ రూంల తనిఖీ పత్రాల నుంచి సొంత అంకె ఎక్కించాలి. తెలంగాణలో 60.7 శాతం సిజేరియన్లు కనిపిస్తాయి. అవసరమైన తల్లికి అది అందిందా అన్నది ఆ అంకె చెప్పదు.

ఓఆర్ఎస్ దగ్గరికి మళ్లీ వద్దాం. 93 శాతం ప్రభావం అన్నది సరైన ద్రావణం, సరిపడా ఇచ్చినప్పటి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్. సర్వేలో తల్లి చెప్పేది ‘ఇచ్చాం’ అనే. ఎంత ఇచ్చారో, ఏది ఇచ్చారో దానిలో ఉండదు. ఓఆర్ఎస్ పేరుతో డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. అంతకు ముందటి సర్వేల్లో ‘ఓఆర్ఎస్ ఇచ్చాం’ అన్న జవాబుల్లో ఆ పానీయాలు కొన్నైనా కలిసి ఉండే అవకాశం ఉంది. మన పాత కవరేజీ నిజానికి తక్కువైతే, ఇంకా సాధించగలిగింది ఎక్కువ ఉందన్నమాట. లిస్ట్ దీన్ని తనంతట తాను పట్టుకోలేదు.

మరణాల రేటు ఎంపిక కూడా తేలిక కాదు. ఆంధ్రప్రదేశ్ శిశు మరణాలు ఆ సర్వేలో వెయ్యికి 30.3, నమూనా ప్రాంతాల్లో జనన మరణాలను నమోదు చేసే ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ 2020 లెక్కలో 24. సర్వేది దానికి ముందు గడిచిన అయిదేళ్ల సగటు, రిజిస్ట్రేషన్‌ది ఒక సంవత్సరపు లెక్క. ఏడాదికి 7 లక్షల జననాలు అనుకుంటే 30కి 21,000 మరణాలు, 24కి 16,800. పథకం ఏదైనా సరే, ‘కాపాడిన ప్రాణాలు’ పాతిక శాతం పెరగడం, లేదా ఇరవై శాతం తరగడం ఈ ఒక్క గడిలోనే ఉంది. ప్రకటనల్లో ఆ అంకె వద్దన్నది ఇందుకే. సేవల మధ్య వరస మాత్రం ఈ మార్పుకు అంతగా చెదరదు. దాన్ని చెదరగొట్టేది కారణాల వాటా, అంటే మొత్తం మరణాల్లో ఒక్కో కారణానిది ఎంత అన్నది. జాతీయ వాటాలను అలాగే ఉంచకుండా రాష్ట్ర స్థాయి అంచనాలు ఎక్కించండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు మరణాల్లో సగానికి పైగా మొదటి 28 రోజుల్లోనే జరుగుతున్నాయి. విరేచనాల వాటా మొత్తంలో 5 శాతమే అనుకుంటే, పైన చెప్పిన 63 శాతం తగ్గుదల మొత్తం మీద 3 శాతం చిల్లరకు దిగుతుంది.

పరిశోధన అంకెలను ముట్టుకునే ముందు

ప్రభావం పేజీలోని అంకెలు క్రమబద్ధ సమీక్షల నుంచి వచ్చినవి. వాటిని మార్చే వీలుంది, మార్చడానికి జంకాలి. రెండు ఉదాహరణలు చాలు.

నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ సూది వల్ల నవజాత శిశు మరణాలు 53 శాతం తగ్గుతాయని 2010 సమీక్ష మధ్యస్థ ఆదాయ దేశాల ఆస్పత్రుల ప్రయోగాల నుంచి తేల్చింది. 2015లో ఆరు దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, ఊరి స్థాయి నుంచి ఆ సూదిని విస్తరించి చూస్తే మొత్తం మీద నవజాత శిశు మరణాలు తగ్గకపోగా పెరిగాయి. నెలలు సరిగ్గా లెక్కకట్టలేని చోట, నిండు నెలల తల్లులకు కూడా సూది పడింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగంలో, మన దేశంతో సహా అయిదు దేశాల ఆస్పత్రుల్లో, స్కానింగ్‌తో 26 నుంచి 33 వారాలని నిర్ధారించుకుని ఇస్తే మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. కాబట్టి ఈ సూది కవరేజీ గడిలో రాయాల్సింది సూది పడిన తల్లుల శాతం కాదు. వారాలు తేలి, పుట్టే బిడ్డను చూసుకునే వార్డు ఉన్న చోట సూది పడినవాళ్ల శాతం. 2014 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఏఎన్ఎం 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ మొదటి డోసు ఇచ్చి పెద్దాస్పత్రికి పంపవచ్చు. ఆ తల్లి అక్కడికి చేరిందో లేదో తెలియకుండా ఆమెను కవరేజీలో కలపకూడదు.

కంగారూ కేర్ మీద 2010 సమీక్ష 2 కిలోల లోపు పిల్లల్లో మరణాలు 51 శాతం తగ్గుతాయంది. 2021లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా పాల్గొన్న ప్రయోగంలో తగ్గుదల 25 శాతం. కొత్తది కదా అని 51 తీసేసి 25 పెడితే తప్పు. ఆ ప్రయోగంలో ఒక గుంపుకు పుట్టగానే కంగారూ కేర్ మొదలుపెట్టారు, రెండో గుంపుకు పరిస్థితి కుదుటపడ్డాక అదే సేవ అందించారు. 25 శాతం అన్నది ముందుగా మొదలుపెట్టినందుకు వచ్చిన అదనపు లాభం. మీ వార్డుల్లో కంగారూ కేర్ ఇప్పటికే ఉందా, లేదా? ఆ జవాబును బట్టి అంకె. ఇప్పుడు ఎంతమందికి అందుతోందన్న కవరేజీ కుటుంబ ఆరోగ్య సర్వేలో దొరకదు. నవజాత శిశు చికిత్స యూనిట్ల రిజిస్టర్లోంచి తీయాల్సిందే.

ఫలితాలు చదవడం

ముందు ‘సేవల వారీగా ఆగిన మరణాలు’ పట్టిక తీయండి. పైనుంచి అయిదు సేవలు రాసుకోండి. తర్వాత పాత కవరేజీ, కారణాల వాటా, ప్రభావం ఒక్కొక్కటే తక్కువ, ఎక్కువ విలువలతో మళ్లీ నడపండి. ప్రతిసారీ పై అయిదులో నిలిచిన సేవల మీద ధైర్యంగా వాదించవచ్చు. ఒక అంకె కదిలించగానే కిందకు జారిన సేవ గురించి నిర్ణయం తీసుకునే ముందు ఆ అంకెను బాగు చేసుకోవాలి. జిల్లా వైద్యాధికారికి చూపించే కాగితంలో ఒకే సంఖ్యకు బదులు కింది హద్దు, పై హద్దు రాయండి.

ఇందులో లేనివీ గుర్తుంచుకోవాలి. కవరేజీని 60 నుంచి 90కి ఎలా చేర్చాలో ఇది చెప్పదు. ఎవరిని నియమించాలి, మందు ఎక్కడ ఆగుతోంది అన్నది మీరే చూసుకోవాలి. బీపీ, షుగర్, గుండెజబ్బులకు ఇది పనికిరాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మెనూలు గజిబిజిగా ఉంటాయి. జనాభా భాగం సంగతి తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటే పని చాలా సులువవుతుంది. జిల్లా గణాంకాధికారి, ప్రజారోగ్య విద్యార్థి, పిల్లల వైద్య నిపుణులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే బాగా నడిచే సాధనం ఇది. ఒక్కరే కూర్చుని చేస్తే పైన చెప్పిన తప్పుల్లో సగం లోపలికి వచ్చేస్తాయి.

చివరగా, ఫైలు పేరులో స్పెక్ట్రమ్ వెర్షన్ నంబరు, తేదీ తప్పక రాయండి. కొత్త వెర్షన్లలో డిఫాల్ట్ (ముందే నింపి ఉండే) జనాభా అంకెలు, కారణాల వాటాలు, ప్రభావాలు మారుతుంటాయి. పాత ఫైలును కొత్త వెర్షన్‌లో తెరిచినప్పుడు డిఫాల్ట్‌లు నవీకరించాలా అని అడిగితే, ముందు నకలు తీసుకుని, నకలులోనే ‘సరే’ అనండి. గత ఏడాది సమర్పించిన అంకెలను ఎవరైనా మళ్లీ అడిగితే చూపించాల్సింది ఆ పాత ఫైలునే.